బయటి యురేనియం వచ్చాక కూడా పెద్దగట్టు గని ఎందుకు?

2008 జూలై 22 సాయంత్రం లోక్‌సభలో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విశ్వాస పరీక్ష నుంచి గట్టెక్కింది. అనుకూలంగా 275 ఓట్లు, వ్యతిరేకంగా 256. ఆ రోజు తలచుకుంటే దేశానికి ముందుగా గుర్తొచ్చేది సభలో ఊపిన నోట్ల కట్టలే. దక్షిణ తెలంగాణ గుర్తుపెట్టుకోవాల్సింది మాత్రం ఇంకొకటి ఉంది. ఇక్కడి మూడు నియోజకవర్గాల ఎంపీలు ఆ రోజు మూడు దారులు పట్టారు. నల్లగొండ ఎంపీ, సీపీఐ నాయకుడు సురవరం సుధాకర్ రెడ్డి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. మిర్యాలగూడ ఎంపీ జైపాల్ రెడ్డి కేంద్ర మంత్రి. ఆయన ఓటు ఎటో అడగక్కర్లేదు. నాగర్‌కర్నూల్ ఎంపీ మందా జగన్నాథం తెలుగుదేశం వారు. పార్టీ వ్యతిరేకించమంది, ఆయన ప్రభుత్వానికే ఓటేశారు. పార్టీకి దూరమై, మరుసటి ఏడాది కాంగ్రెస్ టికెట్ మీద అదే సీటు మళ్లీ గెలిచారు.

ఈ గొడవంతా అమెరికాతో కుదిరిన పౌర అణు ఒప్పందం మీద. చిత్రం ఏమిటంటే, ఆ ఒప్పందంలోని అసలు సరుకు, అంటే యురేనియం, ఈ ప్రాంతం నేల కింద కూడా ఉంది. నాగార్జునసాగర్ ఒడ్డున లంబాపూర్, పెద్దగట్టు దగ్గరా, దేవరకొండ వైపు చిత్రియాల దగ్గరా నిక్షేపాలు బయటపడ్డాయి. నల్లమలలో అమ్రాబాద్ గుట్టల కింద ఉందేమోనని వెతుకులాట సాగింది. అయినా 2008లో ఒప్పందం మీద ఢిల్లీలో జరిగిన వాదన ఒకటి, పెద్దగట్టు తండాల్లో అప్పటికే అయిదేళ్లుగా నడుస్తున్న వాదన వేరొకటి. ఆ రెండూ ఎక్కడా కలవలేదు.

ముందు ఢిల్లీ సంగతి. 2005 జూలై 18న వాషింగ్టన్‌లో మన్మోహన్, బుష్ ఉమ్మడి ప్రకటన చేశారు. 2006 మార్చిలో బుష్ ఢిల్లీ వచ్చినప్పుడు మన రియాక్టర్లను పౌర, సైనిక అవసరాల వారీగా విడదీసే ప్రణాళిక కుదిరింది. అదే ఏడాది డిసెంబరులో అమెరికా, భారత్‌తో అణు వ్యాపారానికి వీలిచ్చే హైడ్ చట్టం చేసుకుంది. 2007 ఆగస్టులో ఒప్పందం పాఠం బయటికొచ్చింది. అమెరికా అణుశక్తి చట్టంలోని 123వ సెక్షన్ కింద కుదిరింది కాబట్టి దాన్ని 123 ఒప్పందం అన్నారు. 2008 జూలై 8న వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాయి. ప్రభుత్వం నిలబడింది. సెప్టెంబరు 6న అణు సరఫరా దేశాల బృందం తన ఆంక్షల నుంచి భారత్‌కు మినహాయింపు ఇచ్చింది. అక్టోబరు 10న ప్రణబ్ ముఖర్జీ, కొండలీజా రైస్ సంతకాలు చేశారు.

వ్యతిరేకించినవాళ్లంతా ఒకే కారణంతో వ్యతిరేకించలేదు. మన విదేశాంగ విధానం అమెరికా చేతికి పోతుందన్నది వామపక్షాల మాట. హైడ్ చట్టంలో ఇరాన్ ప్రస్తావన ఉంది. అంతకుముందే అంతర్జాతీయ అణుశక్తి సంస్థలో భారత్ ఇరాన్‌కు వ్యతిరేకంగా ఓటేసింది. ఈ రెండింటినీ వాళ్లు జోడించి చూపించారు. మళ్లీ అణు పరీక్ష చేసే హక్కు చేజారుతుందన్నది బీజేపీ మాట. పరీక్ష చేస్తే అమెరికా సహకారం ఆగిపోతుందని హైడ్ చట్టం చెబుతోంది కాబట్టి ఆ భయం ఊరికే పుట్టలేదు. ఒకరికి బాంబు మీద బెంగ, మరొకరికి అమెరికా మీద అనుమానం. ఇద్దరూ కలిసి ఒకే మీట నొక్కారు. కూడంకుళంలో రష్యా రియాక్టర్ల మీద ఇదే వామపక్షాల జాతీయ నాయకత్వం ఇంత గట్టిగా మాట్లాడలేదన్నది అప్పట్లోనే వినిపించిన దెప్పిపొడుపు. అందులో కొంత నిజముంది.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. ఈ ఒప్పందం మీద అమెరికా కాంగ్రెస్ నేరుగా ఓటేసింది. ప్రతినిధుల సభలో 298కి 117, సెనేట్‌లో 86కి 13. మన పార్లమెంటు ఒప్పందం మీద ఓటేయనే లేదు. మన రాజ్యాంగం ప్రకారం విదేశీ ఒప్పందాలు చేసుకునే అధికారం కేంద్ర ప్రభుత్వానిదే, దానికి సభ ఆమోదం అక్కర్లేదు. 2008 జూలైలో ఎంపీలు ఓటేసింది ప్రభుత్వం ఉండాలా పోవాలా అన్న ప్రశ్నకు. మన అణు రియాక్టర్ల భవిష్యత్తు మీద నెబ్రాస్కా సెనేటర్‌కు నేరుగా ఓటు ఉంది, నల్లగొండ ఎంపీకి లేదు. ఒప్పందాన్ని సమర్థించేవాళ్లకైనా ఇది కాస్త ఇబ్బందిగా ఉండాల్సిన విషయమే.

సమర్థించినవాళ్ల దగ్గర గట్టి కారణమే ఉంది. 1974 మే 18న పోఖ్రాన్‌లో తొలి పరీక్ష చేశాక ప్రపంచం మనకు అణు ఇంధనం, పరికరాలు ఇవ్వడం దాదాపు మానేసింది. అమెరికా 1978లో చట్టం చేసి, తాను కట్టించిన తారాపూర్ రియాక్టర్లకే ఇంధనం ఆపింది. అప్పటి నుంచి మన రియాక్టర్లు ప్రధానంగా జార్ఖండ్‌లోని జాదుగూడ చుట్టుపక్కల గనుల మీదే బతికాయి. 2007-08 నాటికి యురేనియం చాలక రియాక్టర్లు సగం సామర్థ్యానికి కాస్త అటూ ఇటుగా నడిచాయి. కట్టిన యంత్రం ఉంది, పొయ్యిలో పెట్టడానికి కట్టె లేదు. మినహాయింపు వచ్చాక రష్యా, కజకిస్థాన్, ఫ్రాన్స్, కెనడాల నుంచి యురేనియం రావడం మొదలైంది, అవే రియాక్టర్లు పుంజుకున్నాయి. ఒప్పందం వల్ల జరిగిన మేలు ఏమిటంటే ఇదే, ఇది చిన్నదేమీ కాదు.

జరగనిది కూడా చెప్పాలి. 2020 నాటికి 20,000 మెగావాట్ల అణు విద్యుత్తు అని అప్పట్లో ఊరించారు. 2008లో దేశం మొత్తం అణు సామర్థ్యం 4,120 మెగావాట్లు. 2025కి 8,780. దేశంలో ఉత్పత్తయ్యే కరెంటులో అణు వాటా ఇప్పటికీ 3 శాతం దగ్గరే ఉంది. పోల్చి చూడాలంటే దామరచర్ల దాకా వెళ్తే చాలు. అక్కడి యాదాద్రి థర్మల్ కేంద్రం ఒక్కదాని సామర్థ్యమే 4,000 మెగావాట్లు, అంటే 2008లో దేశమంతా కలిపి ఉన్న అణు సామర్థ్యానికి దగ్గర దగ్గర. ఇక ఒప్పందం తర్వాత అమెరికా రియాక్టర్ మన గడ్డ మీద ఒక్కటి కూడా లేవలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లు కడతామన్న వెస్టింగ్‌హౌస్ 2017 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. అక్కడ ముందుకు కదిలింది భూసేకరణే.

ఇప్పుడు పెద్దగట్టుకు వద్దాం.

నల్లగొండ జిల్లా పెద్దవూర వైపు సాగర్ జలాశయం పక్కన ఎత్తైన గుట్టలు. పైన శ్రీశైలం క్వార్ట్‌జైట్ రాయి, అడుగున గ్రానైట్. ఆ రెండు రాళ్లు కలిసే చోట యురేనియం ఉందని అణు ఖనిజాల డైరెక్టరేట్ 1990ల్లో తేల్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం కార్పొరేషన్ గనుల ప్రతిపాదనతో వచ్చింది. 2003 ఆగస్టు 19న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పుడు రాష్ట్రంలో తెలుగుదేశం ప్రభుత్వం. ఖనిజం శుద్ధి చేసే కర్మాగారాన్ని మొదట మల్లాపూర్ దగ్గర పెట్టాలనుకున్నారు. అది అక్కంపల్లి జలాశయానికి కూతవేటు దూరం. సాగర్ నుంచి ఎత్తిపోసిన కృష్ణా నీళ్లు అక్కంపల్లిలో నిలిచి, కోదండాపూర్‌లో శుద్ధై, హైదరాబాద్ కుళాయిల్లోకి వెళ్తాయి. ఈ సంగతి తెలిశాక తండాల గొడవ నగరం గొడవ కూడా అయింది. కర్మాగారం స్థలాన్ని తర్వాత దేవరకొండ దగ్గరి శేరిపల్లికి మార్చారు. ఇన్నేళ్లయినా అక్కడ గని తెరుచుకోలేదు.

వ్యతిరేకతలో అన్నీ సరైన వాదనలే ఉన్నాయని చెప్పలేం. యురేనియం గని బాంబులా పేలుతుందన్న ప్రచారం పెద్దగట్టు గొడవప్పుడూ జరిగింది, తర్వాత 2019 నల్లమల ఉద్యమం అప్పుడూ జరిగింది. ముడి ఖనిజం పేలదు. అసలు చిక్కు మిగిలిపోయే చెత్తతో. మన దగ్గర దొరికే యురేనియం చాలా పలుచన. టన్ను రాయి పిండి చేస్తే కిలో యురేనియం వచ్చినా గొప్పే. కెనడాలోని మేలి రకం గనుల్లో టన్నుకు వంద కిలోల పైన కూడా వస్తుంది. అంటే మన దగ్గర తవ్విన రాయి దాదాపు అంతా బురదై, చెరువంత గుంటలో చేరుతుంది. పనికొచ్చే యురేనియం తీసుకుపోతారు. రేడియం, థోరియం లాంటివి ఆ బురదలోనే ఉండిపోతాయి. ఖనిజంలో ఉన్న రేడియోధార్మికతలో ఎక్కువ భాగం అక్కడే ఉంటుంది. రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. కంపెనీ లీజు ఇరవై ముప్పై ఏళ్లు. ఆ గుంటకు అడుగున పరిచే పొర, చుట్టూ కట్టే గట్టు అన్నాళ్లు కాపు కాయాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రాతిలోనే యురేనియం ఉన్న చోట కొన్ని బావుల్లో, బోర్లలో అది సహజంగానే కొంత ఉంటుంది. రేపు గని వచ్చాక నీళ్లలో మోతాదు పెరిగిందని ఊరివాళ్లు అంటే, అది మొదటి నుంచీ ఉన్నదేనని కంపెనీ అనగలదు. గనికి ముందు ఏ బోరులో ఎంత ఉందో ఊరివాళ్ల చేతిలో కాగితం ఉండాలి. కడప జిల్లా తుమ్మలపల్లెలో జరిగిన గొడవ సరిగ్గా ఇలాంటిదే. అక్కడ 2007లో శంకుస్థాపన జరిగింది, తర్వాత అయిదేళ్లకు ఉత్పత్తి మొదలైంది. వ్యర్థాల చెరువు వల్ల బోరు నీళ్లు పాడై, అరటి తోటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల రైతులు అంటారు. కంపెనీ కాదంటుంది. నీటి పరీక్షల మీద పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి. నల్లగొండ నుంచి ఆ ఊళ్లు చూడటానికి వెళ్లొచ్చినవాళ్లు తమ వాదనకు అంతకంటే ఉపన్యాసం అక్కర్లేదనుకున్నారు.

పైగా ఇది నల్లగొండ. భూగర్భ జలం మనిషిని ఏం చేయగలదో పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన అవసరం ఈ జిల్లాకు లేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వంగిపోయిన ఎముకలతో తరాలు గడిచాయి. నీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకెక్కింది ఒక రోగం పుణ్యమాని. ఆ నీళ్ల గోస తీరడానికి కృష్ణా నీళ్ల కోసం దశాబ్దాలు కొట్లాడిన జనానికి, ఆ కృష్ణ పక్కనే యురేనియం బురద గుంట అంటే టెన్షన్ ఎందుకు రాదు? దీన్ని అవగాహన లేని భయమని కొట్టిపారేసిన అధికారులు జిల్లా చరిత్ర చదవలేదనే అనుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. 2008 ఒప్పందం వచ్చినప్పుడు ఈ ప్రాంతంలో చాలామంది సహజంగానే ఇలా అనుకున్నారు: బయటి నుంచి మంచి రకం యురేనియం చవగ్గా వస్తున్నప్పుడు, టన్నుకు కిలో కూడా రాని మన రాళ్లు తవ్వడం ఎందుకు? లెక్క ప్రకారం ఒప్పందం పెద్దగట్టును కాపాడాలి. కాపాడలేదు. తర్వాత చిత్రియాల వైపు డ్రిల్లింగ్ సాగింది, నల్లమలలో కొత్త సర్వేకు దరఖాస్తు పడింది.

కారణం 2006 మార్చి విభజన ప్రణాళికలో ఉంది. అప్పుడు నడుస్తున్నవి, కడుతున్నవి కలిపి 22 రియాక్టర్లు లెక్కేశారు. వాటిలో 14ను పౌర జాబితాలో పెట్టి అంతర్జాతీయ తనిఖీ కిందికి తెస్తామని భారత్ ఒప్పుకుంది. మిగతా 8, వాటితో పాటు ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు (వాడిన దానికంటే ఎక్కువ ఇంధనం పుట్టించేవి) తనిఖీ బయట ఉండిపోయాయి. బయటి నుంచి కొన్న యురేనియం తనిఖీ కింద ఉన్న రియాక్టర్లలోనే వాడాలి. గ్రాము కూడా ఇటు నుంచి అటు మళ్లించడానికి వీల్లేదు. మరి ఆ 8 రియాక్టర్లకు, ఆయుధాల అవసరానికి ఇంధనం ఎక్కడిది? మన నేలలోదే. ఒప్పందానికి ముందు దేశీ యురేనియం అన్ని రియాక్టర్లకూ కావాల్సిన మామూలు ఇంధనం. ఒప్పందం తర్వాత అది ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని ఒకే ఒక్క ఇంధనం అయింది. దాని విలువ తగ్గలేదు, పెరిగింది.

ఈ సంగతి ఢిల్లీలో తెలియక కాదు. దిగుమతులతో దేశీ యురేనియం మిగిలి ఆయుధాలకు మళ్లుతుందని ఒప్పందాన్ని వ్యతిరేకించిన అమెరికా నిపుణులు, పాకిస్థాన్ గట్టిగానే అన్నారు. మన దగ్గర దాన్ని దేశ ప్రయోజనంగా, బేరంలో మనం గెలిచిన అంశంగా చెప్పుకున్నారు. గెలుపే కావచ్చు. కానీ ఆ గెలుపులో వచ్చే బురద ఏ జిల్లాలో పోయాలన్న ప్రశ్న ఒప్పందం మీద జరిగిన వాదనలో చోటు దక్కించుకోలేదు. అమెరికాకు లొంగిపోతున్నామన్న వామపక్షాలు, పరీక్షల హక్కు పోతోందన్న బీజేపీ, కరెంటు వస్తుందన్న కాంగ్రెస్, ముగ్గురూ రియాక్టర్ గురించీ బాంబు గురించీ మాట్లాడారు. గని మాట ఎవరూ ఎత్తలేదు. సురవరం పార్టీ ఇక్కడ జిల్లాలో యురేనియం గనులను వ్యతిరేకించింది, అక్కడ సభలో అణు ఒప్పందాన్ని వ్యతిరేకించింది. ఆ రెంటికీ మధ్య ఉన్న లంకెను పట్టుకుని ఉంటే ఢిల్లీ చర్చ ఇంకో స్థాయిలో ఉండేది.

నల్లమల దగ్గర ఇదే కథ ఇంకా పెద్దగా నడిచింది. 2016 చివర్లో రాష్ట్ర వన్యప్రాణి మండలి అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం సర్వేకు సరేనంది. అభయారణ్యం విస్తీర్ణం సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు, సర్వే అడిగింది 83 చదరపు కిలోమీటర్లలో. వినడానికి చిన్న ముక్కే. అయితే ఆ ముక్కలో 4,000 బోర్లు వేస్తామన్నారు. ఒక్కో బోరుకు రిగ్గు వెళ్లాలి, రిగ్గుకు దారి వేయాలి. 2019 మేలో కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుందన్న వార్త రాగానే మన్ననూరు, అమ్రాబాద్, పదర ఊళ్లు లేచాయి. చెంచు పెంటల (గూడేల) నుంచి జనం రోడ్డు మీదికి వచ్చారు. ఆ ఆగస్టు, సెప్టెంబరులో 'సేవ్ నల్లమల' అన్న మాట సినిమా నటుల నుంచి కాలేజీ పిల్లల దాకా పాకింది. పెద్దగట్టు తండాలకు పదిహేనేళ్లుగా దొరకని ప్రచారం నల్లమలకు రెండు నెలల్లో దొరికింది. పులి ఉన్న చోటికి కెమెరా త్వరగా వస్తుంది, లంబాడా తండాకు ఆలస్యంగా వస్తుంది.

2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దంటూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. మూడేళ్ల కింద సర్వేకు తల ఊపిన మండలి ఇదే ప్రభుత్వానిది. అందరూ తీర్మానానికి చేయెత్తారు. పార్టీల వరుస ఒకసారి చూస్తే, 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది తెలుగుదేశం ప్రభుత్వం. 2005లో శుద్ధి కర్మాగారం కోసం మళ్లీ సేకరణ జరిగినప్పుడు ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. 2008లో ఒప్పందాన్ని తప్పుపట్టిన బీజేపీ అధికారంలోకి వచ్చాక 2015 జనవరిలో ఒబామాతో కూర్చుని దాని చిక్కుముడులు విప్పుకుంది. యురేనియం మీద అభిప్రాయం పార్టీది కాదు, కుర్చీది.

ఆ తీర్మానానికి చట్టబలం ఎంత? అణుశక్తి, దానికి కావాల్సిన ఖనిజాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో ఆరో అంశం. తీర్మానం కేంద్రానికి చేసే వినతి మాత్రమే. రాష్ట్రం చేతిలో ఉన్న అసలు పట్టు వేరే చోట ఉంది: భూమి, నీరు, అడవి మీద తొలి అనుమతులు, అమ్రాబాద్ లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభ. పెద్దవూర వైపు తండాల్లో ఉన్నదీ గిరిజనులే అయినా ఆ ఊళ్లు గిరిజన ప్రాంతాలకు రక్షణనిచ్చే రాజ్యాంగం అయిదో షెడ్యూలు కిందికి రావు. చెంచులకు ఉన్న ఆ ఒక్క కంచె కూడా లంబాడాలకు లేదు. వాళ్లకు దొరికిన వేదిక ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కటే. 2003లో వాళ్లు వాడుకున్నదీ అదే.

ఇక పరిహారం మాట. అణు ప్రమాదం జరిగితే ఎవరు బాధ్యులన్నది ఒప్పందం తర్వాత వచ్చిన పెద్ద తగువు. 2010 జూన్‌లో భోపాల్ కేసు తీర్పు చూసి దేశం మండిపడింది. ఆ వేడిలోనే ఆగస్టులో అణు బాధ్యత చట్టం వచ్చింది. నిర్వాహక సంస్థ బాధ్యత 1,500 కోట్ల రూపాయల దాకా. పరికరాలు అమ్మిన కంపెనీ మీద కూడా దావాకు వెళ్లే వీలు ఆ చట్టంలో ఉండేది. అమెరికా కంపెనీలు వెనకాడటానికి ఇది ముఖ్య కారణం. 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' పేరుతో కొత్త అణు చట్టం చేసి, పాత చట్టాన్ని పక్కన పెట్టి, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. 2047కు 100 గిగావాట్ల లక్ష్యం అంతకుముందే ప్రకటించారు. ఇప్పుడున్న దానికి అది పది రెట్లకు పైనే. ఈ పదిహేనేళ్ల తగువులోనూ చర్చంతా రియాక్టర్ చుట్టూనే తిరిగింది.

గని గురించి తీసుకున్న నిర్ణయం మాత్రం చర్చ లేకుండానే జరిగిపోయింది. 2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఆఫీస్ మెమొరాండం ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ ఇక అక్కర్లేదు. దరఖాస్తులన్నీ, గని చిన్నదైనా పెద్దదైనా, కేంద్ర స్థాయిలోనే పరిశీలిస్తారు. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలే ఇందుకు చూపిన కారణం. పెద్దగట్టు ఫైలు మళ్లీ కదిలితే, 2003 ఆగస్టులో జరిగినట్టు అధికారులు ఊరికొచ్చి, మైకు పెట్టి, తండావాళ్లు వద్దన్న మాటను మినిట్స్‌లో రాసుకోవాల్సిన పని ఇప్పుడు లేదు.